ఓటీపీ పిల్ల

శనివారం, పొద్దుగూకే వేళ. మిర్యాలగూడలో రైసుమిల్లుల వెనక వీధి, మేడ మీది కిరాయి గదిలో కొత్త పెండ్లికూతురు శిరీష. కోదాడలో కాలేజీ హాస్టల్ మెట్ల మీద అక్షిత. నడుమ ఫోను.

“వచ్చిందే పిల్లా, వచ్చింది! ఇప్పుడే, ఇగో నా చేతులనే ఉన్నది!”

“ఏమొచ్చింది శిరీషక్కా?”

“ఏమొచ్చిందంటది సూడు! మెసేజు! నీ స్కాలర్‌షిప్పు మెసేజు! ‘డియర్ అక్షిత, యువర్ అప్లికేషన్...’ ఆగు, అక్షరాలు కనపడ్తలేవు.”

“అద్దాలు పెట్టుకో మరి, ముసలమ్మా.”

“ముసలమ్మ నీ అత్త. సంబరంల కండ్లు అదురుతున్నయే. ‘హ్యాజ్ బీన్ శాంక్షన్డ్.’ శాంక్షన్డ్ అని ఉన్నది అక్షితా!”

“మళ్ల సదువు.”

“హ్యాజ్ బీన్ శాంక్షన్డ్.”

“ఇంకొక్కసారి, అక్కా.”

“ఇగ నేను సదువ. స్క్రీన్ ఫోటో దీసి పంపిన, నువ్వే సూస్కో. నేనైతే ఫోను పట్టుకొని సగం మెట్లు ఉరికిన. ఎవరికి చెప్పాలె? కింద ఇంటామె ఆండాలమ్మ బియ్యం చెరుగుతున్నది. ఆమెకు చెవుడు. ‘స్కాలర్‌షిప్ వచ్చింది’ అని మొత్తుకున్న. ‘నీళ్లు పొద్దుగాలనే వచ్చినయి కదా’ అన్నది. మళ్ల ఎక్కొచ్చిన.”

“...”

“ఏడుస్తున్నవా?”

“లేదు. జలుబు.”

“జలుబట! పొద్దున లేని జలుబు. ఇగ సదువు బందు పెడ్త, బట్టల షాపుల చేరుత అన్న మాట ఖతమేనా?”

“ఖతమే. ఫీజు అండ్లకెల్లే కట్టుకుంటరు. పరీక్షకు కూసోనిస్తరు.”

“మొదటి రోజు యాదున్నదా? ‘మీ ఫోనుకు ఆరంకెలొచ్చినయి, జర చెప్తరా’ అంటివి. పెండ్లయిన తెల్లారి మా ఆయన నాకు నేర్పిన మొదటి పాఠమే అది, ఓటీపీ ఎవ్వరికి చెప్పొద్దని. నేను దాటిన మొదటి మాట కూడ అదే.”

“ఒట్టెయ్యమంటివి కదా. మీసేవల అందరి ముందట ‘యేసుప్రభువు మీద ఒట్టు, నేను దొంగను కాను’ అని అరిసిన. లైన్ల ఉన్నోళ్లంత ఒకటే నవ్వుడు.”

“నువ్వు అరిసినంక కూడ నాకు అనుమానమే. అంకెలు చెప్పి, ఉరుక్కుంట పోయి నా బ్యాంకుల పైసలున్నయా పోయినయా సూస్కున్న.”

“ఉన్నయా?”

“అసలు ఉంటే కదనే, పోతందుకు! సరే, మీ నాన్నకు చెప్పినవా?”

“ఇప్పుడే కదా తెలిసింది.”

“మరి పెట్టెయ్యనా? ముందుగాల ఆయనకు చెయ్యి.”

“చెప్తలే. తొందరేమున్నది.”

“తొందరేమున్నదంటవేందే! ఇట్లాంటి ముచ్చట కడుపుల ఆగుతదా?”

“చెప్తే ఏమంటడక్కా? ‘ఊఁ’ అంటడు. గంతే. దానికోసం ఫోన్ చేసుడెందుకు?”

“మరి రేపు ఆదివారమాయె, ఊరికి పో. మఠంపల్లెంత దూరమని?”

“పోయి ఏం జెయ్యాలె? ఆయన వండుతడు, నేను తింట. టీవీ మాట్లాడతది, మేమిద్దరం ఇంటం. ఇన్‌కమ్ సర్టిఫికెట్ కావాలన్న. డ్యూటీ ఇడిసి తాసిల్ ఆఫీసు సుట్టు తిరిగి తెచ్చిండు. తెచ్చి టీవీ మీద పెట్టిండు. ‘ఇగో’ అని కూడ అనలేదు.”

“తెచ్చిండు కదా మరి.”

“తెచ్చిండు. నాకు కాయితం కాదక్కా కావాలె... పోనీలే. నీ ముచ్చట చెప్పు. బావ వచ్చిండా?”

“ఎక్కడ? వడ్ల సీజను కదా. పొద్దుగాల పోతడు, ఊక దుమ్ముల దేవుని లెక్క వస్తడు. నిద్రల కూడ మిల్లే. మొన్న రాత్రి ‘తేమ ఎంత?’ అన్నడు. నేను ‘ఇరవై రెండు’ అన్న. ‘ఆరబెట్టు’ అని అటు తిరిగి పండుకున్నడు.”

“అయ్యో పాపం మా అక్క!”

“నవ్వు, నవ్వు. కానీ నిన్న జిలేబీ తెచ్చిండు తెల్సా? పొట్లం అంగీల పెట్టుకొచ్చిండు, సల్లారొద్దని. అంగీ ఖరాబు, జిలేబీ వేడి. అది సూసినంక ఇంకేమంట?”

“రోజంత ఒక్కదానివేనా?”

“ఒక్కదాన్నేంది? రైళ్లున్నయి, లారీలున్నయి, ఆండాలమ్మున్నది. మిల్లు బూడిద పడ్తదని బట్టలు లోపలికి, బయటికి, లోపలికి... పొద్దు పోతది. మా అమ్మ చెయ్యదు. రోజు చేస్తే అత్తింటి మీద మనసు పెట్టదట పిల్ల. ఇగ నాకొచ్చే ఫోన్లు రెండే. నీది, రీఛార్జ్ అయిపోవొచ్చిందనే మేడమ్‌ది. నీ పేరు ఏమని పెట్టుకున్ననో తెల్సా? ‘ఓటీపీ పిల్ల’! నువ్వేం పెట్టుకున్నవ్?”

“నేనా? ... మామూలుగనే.”

“మామూలుగంటే? శిరీషనా? శిరీషక్కనా?”

“అట్లనే ఏదో ఉన్నది. చాయ్ తాగినవా?”

“మాట మార్చకు. సరే, నాది కూడ ఒక మాట ఉన్నది. మంచి మాట ముందు చెప్దామని ఆగిన.”

“ఏంది?”

“ఈ సిమ్ము తీసేస్తున్నమే. సోమవారం మా ఆయన కొత్తది తెస్తనన్నడు.”

“ఎందుకు?”

“ఏం లేదు లే. కొత్త నంబరు ముందు నీకే ఇస్త. ఒట్టు, యేసుప్రభువు మీద...”

“వద్దక్కా.”

“వద్దా? నా నంబరు వద్దా?”

“సిమ్ము తియ్యొద్దు. తీస్తే... నాకు ఓటీపీలు రావు కదా.”

“శాంక్షనైనంక ఇంకేం ఓటీపీలే? ఆధార్ల ఉన్న పాత నంబరు మార్పించుకో అంటే ఇన్నొద్దుల సంది ‘రేపు, రేపు’ అంటివి. ఇప్పుడన్న ఆధార్ సెంటరుకు పోయి నీ నంబరు ఎక్కించుకో.”

“ఎక్కించుకుంట. కానీ నువ్వు తియ్యకు. జర బతిమిలాడుతున్న.”

“ఏందే ఇది, ఉత్త ప్లాస్టిక్ ముక్క కోసం?”

“అది మా అమ్మ నంబరు.”

“మీ అమ్మదా?”

“ఆధార్లు చేసిన్నాడు ఇంట్ల ఒక్కటే ఫోను ఉండె, అమ్మది. అందరి ఆధార్లు దానికే లింకు చేసినం. అమ్మ పోయి రెండేండ్లాయె. రీఛార్జ్ చేపియ్యి నాన్నా అన్న. ‘ఎవరు మాట్లాడతరని?’ అన్నడు. అట్లనే బందై పోయింది నంబరు. మీసేవల అంకెలు ఆ నంబరుకే పోయినయంటే, ఉండదనుకుంటనే కొట్టిన. మోగింది. కంపెనోళ్లు నీకిచ్చినట్టున్నరు, నువ్వెత్తినవు.”

“అయ్యో తల్లీ. ఇన్ని నెలల సంది ఒక్క మాట చెప్పకపోతివి.”

“చెప్తే నువ్వు భయపడి ఎత్తవేమోనని. నీకొచ్చిన ఓటీపీలు ఎన్నక్కా? ఐదో, ఆరో. నేను ఎన్నిసార్లు చేసిన?”

“అది నేను కూడ అనుకున్నలే. మొన్న ‘అంకెలేమన్న వచ్చినయా’ అని అడిగి, గంటసేపు వంకాయ కూర గురించి మాట్లాడినవు.”

“నీ పేరు మామూలుగనే ఉన్నదన్న కదా. ఉన్న పేరు మార్చలేదు. ఇప్పుడు కూడ నా ఫోన్ల ‘అమ్మ’ అనే ఉన్నది.”

“...ఆగు. కండ్లు తుడుసుకోనియ్యి. నాక్కూడ జలుబొచ్చింది.”

“బావకు చెప్పు అక్కా. తియ్యొద్దని చెప్పు.”

“ఎట్ల చెప్పాలె? ఆయన కోపం వేరే. నీకు చెప్పలేదు, నాకే సిగ్గు. ఎవడో మగమనిషి చేస్తడే. ప్రతి ఆదివారం. ఎత్తి ‘హలో’ అంట. మాట్లాడడు. పెట్టేస్తడు.”

“ఎవరట?”

“ఎవరో ఏం ఎరుక! కొత్త పెండ్లాం ఫోనుకు ఎవడో ఊకె చేస్తే ఏ మొగడు ఊకుంటడు? ఆయన మంచోడు గనక నన్నేం అనలె. పోయిన ఆదివారం ఇంట్ల ఉండి తనే ఎత్తిండు. మస్తు తిట్టిండు. అవతల మనిషి ‘తప్పైంది సారూ’ అన్నడట. ‘పెద్దమనిషి లెక్క ఉన్నడు, సిగ్గు లేదు’ అని ఈయన లొల్లి. అందుకే కొత్త సిమ్ము.”

“ఎప్పుడన్న మాట్లాడిండా ఆయన? ఒక్కసారన్న?”

“ఒక్కసారి. నవ్వకు మరి. నోట్లె పల్లిపట్టి ఉండె. పండ్లకు అతుక్కుంది. ఎత్తిన గని ‘హలో’ అనరాలె. ఇటు సప్పుడు లేకపోయేసరికి ఆయన మెల్లగ మాట్లాడవట్టిండు. ఎనక ఎక్కడ్నో గంట మోగుతున్నది.”

“గంటనా? ఏం గంట?”

“గుడి గంట కాదే. ఆగి ఆగి, పెద్దగ మోగుతది సూడు, చర్చిల లెక్క.”

“...ఏమన్నడక్కా?”

“‘ఇయ్యాల కూడ కూర మిగిలింది’ అన్నడు. ముగ్గురికి వండే చెయ్యి ఇంక మారలేదన్నడు. ‘కాయితాలన్ని తెచ్చిచ్చిన, వస్తదో రాదో. పిల్ల భయపడుతున్నట్టున్నది, నాకు చెప్తలేదు’ అన్నడు. భూమి కాయితాలో, కోర్టో అనుకున్న. అప్పటికి పల్లిపట్టి మింగి ‘ఎవరు పెద్దయ్యా?’ అన్న. పెట్టేసిండు.”

“నంబరు ఉన్నదా?”

“ఉండకేం, పోయిన వారంది ఉన్నది. ఎందుకు, నువ్వు కూడ తిడ్తవా?”

“ఆఖరు ఏమున్నది?”

“ఏడు, ఏడు, సున్నా, మూడు.”

“దాని ముందట తొమ్మిది రెండు ఉన్నదా?”

“ఆఁ. నీకెట్ల ఎరుక?”

“మా నాన్నది.”

“ఏంది?”

“ఆ నంబరు మా నాన్నది అక్కా. ఆదివారం చర్చి అయినంక ఆయన ఇంటికి రాడు. ఎక్కడికి పోతవ్ అంటే ‘ఏడికి లేదు’ అంటడు. ఇంట్ల అమ్మ పేరు ఎత్తడు. ఫోటో కూడ తీసి బీరువల పెట్టిండు. మర్సిపోయిండు అనుకున్న. నేనొక్కదాన్నే అనుకున్న.”

“దేవుడా! మేం తిట్టింది మీ నాన్ననా? ‘తప్పైంది సారూ’ అన్నడంటనే... మా ఆయనకు తెలిస్తే అన్నం తినడు.”

“బావ తప్పేమున్నది. కానీ ఎవరో ఎత్తుతరని ఎరుకే కదా నాన్నకు? మళ్ల ఎందుకు చేస్తడో...”

“నువ్వెందుకు చేస్తున్నవే?”

“...మోగుతది కదా అక్కా. అమ్మ అని పడి, మోగుతది కదా.”

“ఏడువు. ఏడువు తల్లీ, ఈసారి జలుబనకు. నేను ఉన్న లైన్ల.”

“...”

“నీళ్లు తాగు. తాగినవా? ఇగ ఇను. సిమ్ము తియ్యం. మా ఆయనకు నేను చెప్త. అలిగితే ఆ జిలేబీ ఇంకా రెండు ముక్కలున్నయి, అవే పెడ్త. నువ్వు ముందు నీ నాన్నకు ఫోన్ చెయ్యి. ‘స్కాలర్‌షిప్ వచ్చింది, నువ్వు తెచ్చిన కాయితాలు పాసైనయి’ అని చెప్పు. ఇప్పుడే చెయ్యి.”

“చేస్తే ‘ఊఁ’ అంటడు అక్కా.”

“అననీ! ఇప్పుడు తెలిసింది కదా, ఆ ‘ఊఁ’ ఎనక ఏమున్నదో.”

“నాకు తెలిసింది. నాకు తెలిసిందని ఆయనకు తెల్వదు. నా నంబరు పడ్తే ‘ఊఁ’ అంటడు, ఇంటికి పోతే టీవీ పెడ్తడు. ఆయన మాట్లాడేది ఒక్క ఆ నంబరుతోనే.”

“మరి ఎట్ల?”

“రేపు పొద్దుగాల మొదటి బస్సుకు నేను మిర్యాలగూడ వస్త.”

“మా ఇంటికా? నిజంగనా? అయ్యో, పెండ్లిల పెట్టిన కప్పులు ఇంకా అట్టపెట్టెలనే ఉన్నయే! నా ఇంటికొచ్చే మొదటి చుట్టానివి నువ్వే. పూరీలు చెయ్యనా? ఉప్మా తింటవా? బస్సు దిగంగనే ఫోన్ చెయ్యి, స్టాండు కాడికి ఉరికొస్త.”

“ఫోన్ చెయ్యనక్కా. దారడుక్కుంట వస్త. రేపు ఆ లైను ఎవరితోని మాట్లాడకుండ ఖాళీగుంచు.”

“అర్థమైంది. కానీ మా ఆయన తిట్టిండు కదే. ఆ మనిషి మళ్ల చేస్తడంటవా?”

“చర్చి గంట కొట్టే యాళకు మోగితే నువ్వెత్తకు, నేనెత్తుత. మోగకపోతే అమ్మ నంబరుకెల్లి నాన్నకు నేనే చేస్త.”