పగిలిన ప్లేట్ల లెక్క

నరసరావుపేటలో ఒక ఆడిటర్ గది. ఆయనకు ఎదురుగా, రోజూ ఫోన్‌లో లైవ్ పెట్టి వంటలు చేసి సంపాదించే ఈపూరు కోడలు పన్ను లెక్కలకు వచ్చి కూర్చుంది.

"లైటు, మైకు, నెట్టు బిల్లు ఖర్చు కింద రాశాను. ఈ నూనె, నాటుకోడి ఏందమ్మా?"

"లైవులో వండినయ్యే గదండీ."

"వండినాక ఏం చేశారు?"

"తిన్నాం. పారబోస్తామా?"

"ఇంట్లోవాళ్లు తిన్నది వ్యాపారం ఖర్చు కాదమ్మా. కొట్టేస్తున్నా. మరి పగిలిన ప్లేట్లు పన్నెండు?"

"మా అత్త విసిరికొట్టిందండీ. నేను వండుతుంటే వెనకమాల నిలబడి తిడతానే ఉంటది. జనం చానామంది ఆ తిట్లు వినడానికే వస్తారు."

"అన్నీ లైవులోనే విసిరిందా?"

"తొమ్మిది లైవులో. మూడు ఊరికే."

"అయితే తొమ్మిదే రాస్తా. అమ్మాయ్, మీ అత్తకు నెలనెలా జీతం బ్యాంకులో వేస్తా ఉండు. అదీ ఖర్చే. పన్ను బాగా తగ్గుద్ది."

"వద్దండీ."

"ఏం? డబ్బు ఆమె చేతికి పోద్దనా?"

"అది గాదు. నా దగ్గర జీతం తీసుకున్నాక, నన్ను తిట్టడానికి ఆమెకు నోరెట్టా వచ్చుద్ది? ఆ పన్నేదో కట్టేస్తాలే, రాసుకోండి."