గడ్డపార తగలని పూలమడి

సల్వాలో ఓ విల్లా పెరడు. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి ఏడో వారం, మధ్యాహ్నం దాటింది. తోటమాలి ఖుద్దూస్‌ది రాయచోటి. ఇంట్లో వంటా పనీ చూసే అచ్చాయమ్మది అమలాపురం దగ్గర పల్లె. ఆయన చేతిలో పార, ఆవిడ చేతిలో పూలకుండీ. గొంతులు తగ్గించారే గానీ మాటలు మాత్రం ఆపలేదు.

"బంతి వద్దంటి గదా మే. పక్కన పెట్టు."

"పూత మీదున్నాయండీ. పక్కింటి మేడ మీంచి మోసుకొచ్చాను, నడుం పడిపోయింది."

"పూసి సచ్చిపోతాది. వచ్చే ఏడాది ఇంకో మాలీ వచ్చి మడి తవ్వుతాడు. తవ్వితే ఏం బయటపడతాదో నీకు తెలీదా?"

"తెలుసండీ. అలా అనకండి."

"అందుకే చెప్తాండా. ఒకసారి నాటితే ఏండ్లకేండ్లు ఉండేదే కావల్ల. ఈ మడికి మళ్ళా గడ్డపార తగలకూడదు."

"పోనీ చేమంతి. చలికి ముందు బాగా పూస్తాది కదండీ."

"ఏడాదికోసారి పిలకలు విడదీయల్ల. అదీ తవ్వడమే."

"మెట్టతామర?"

"దుంప ఊరితే అడిగినోళ్ళకంతా తవ్వి పంచుతారు."

"పెళ్ళిసంబంధానికి వంకలు పెట్టినట్టు పెడతన్నారండీ. గేటు కాడ ఎర్రగన్నేరుంది మరి. దానికి చావే లేదు."

"వద్దు. దాని వేరు లోతుకు పోతాది."

"పోతే ఏటండీ?"

"పోతే ఏందా? కింద బదర్ ఉన్నాడు మే. ఏడేండ్లోడప్పుడు నా భుజమ్మీద కూచోని ఖర్జూరాలు కోసినోడు. వాని మీదికి వేర్లు పోతే నేను ఊరికి పోయి నిద్రపోతానా?"

"ఊరుకోండి, ఊరుకోండి. నేనేదో తోచక అన్నాను."

"బిళ్ళగన్నేరు తీసుకురా. ఎండకు జంకదు, ఉప్పునీళ్ళకు జంకదు. ఈ నెలా, వచ్చే నెలా, చలి ముదిరేదాకా పూస్తానే ఉంటాది. వేరు పైపైనే ఉంటాది. ముసలిదైతే విత్తనం రాలి అదే మొలుస్తాది."

"ఇరవై దాకా ఉన్నాయండీ. ఆ నీళ్ళ సిపాయి ఎన్నింటికొస్తాడు?"

"పొద్దు వాలేటప్పుటి అసర్ నమాజు అయినాక. రోజూ మన కొళాయికాడికే గదా క్యాను ఎత్తుకోనొచ్చేది. నిన్న ఈడే నిలబడిపోయినాడు. ఇదేంది అన్యాడు. పూలమడి అంటి. మా నాయనకు బస్రాలో తోట ఉండాది, ఈ కాలంలో ఏం పూలు నాటుతావో రేపొచ్చి చూస్తా అన్యాడు."

"తోట తెలిసినోడేనన్న మాట. మరి గోడకి ఏటవాలుగా ఇంత గుట్టేటని అనుకోడా?"

"అనుకుంటాడు. తప్పు నాదే. మక్కా దిక్కు, ఖిబ్లా చూసి తవ్వితి, అది తప్పు కాదు, అట్లే తవ్వల్ల. పైన గుట్ట ఎత్తితి చూడు, అది తప్పు. ఈ దేశంలో జానెడు మించి ఎత్తరు. మా రాయచోటిలో ఎత్తుతాం, నీళ్ళు చల్లుతాం. మా నాయనకు అట్లే చేస్తి, మా అన్నకు అట్లే చేస్తి. చీకట్లో చెయ్యి దాని పని అది చేసుకోని పోయింది."

"అందుకా చుట్టూ తవ్వి గుండ్రంగా చేస్తన్నారు?"

"ఆ. గుట్టంతా కలిపేస్తే యాపక్క నుంచి చూసినా పూలే కనపడతాయి. అట్ల దిమ్మరిచ్చొద్దు కుండీని, మన్ను రాలకుండా తియ్యి. వేరు కదిలితే ఈ ఎండకు గంటలో తల వాలుస్తాది."

"ఖుద్దూస్ గారూ, ఓ మాటడుగుతాను, కోప్పడకండి. రేప్పొద్దున ఫర్వానియాలో బస్సెక్కేస్తాం మనం. బాగ్దాదూ, అమ్మానూ, బొంబాయీ. మరి మనం మామా అని పిలిచే ఈ ఇంటి తల్లి?"

"మామాకేం?"

"ఏవంటారేటండీ. కొడుకు సౌదీకి దాటిపోయాడనే అనుకుంటన్నారు. రోజూ రేడియో చెవి దగ్గరెట్టుకుని ఆడి పేరు చదువుతారేమోనని వింటన్నారు. ఇక్కడే తిరుగుతా, ఈ పూలే కోసుకుంటా... కింద కొడుకున్నాడని తెలీకుండానే ఉండాలాండీ? చెప్పేద్దామండీ."

"వాని సావాసగాళ్ళు శవాన్ని గోడమీంచి దింపేటప్పుడు ఏమన్యారు? చెప్పొద్దన్యారు గదా. శ్మశానానికి పోతే పేరు రాసుకుంటారు, తమ మీద తిరగబడినోని పేరు దొరికితే ఇరాకోళ్ళు ఇల్లు కాలుస్తారు అన్యారు గదా."

"అన్నారండీ. కానీ..."

"ఎదురుగా బడిలో నలభైమంది ఉండారు తుపాకుల్తో. మామా ఒక్క కేక పెడితే గోడ దూకి వస్తారు. లోపల ఆడపిల్లలు ఇద్దరు ఉండారు. కన్నతల్లి కేక పెట్టకుండా ఉంటాదా చెప్పు."

"ఉండలేదండీ."

"మరి? నోరు కట్టుకో."

"నేనూ కన్నదాన్నేనండీ. నా బిడ్డని ఇలా దాచిపెట్టి నాకు చెప్పకుండా పోయినోళ్ళని నేనయితే జన్మలో క్షమించను."

"క్షమించొద్దులే. తిట్టుకోనీ మనల్ని. బతికుండి తిట్టుకోనీ."

"అదిగో, వచ్చేస్తన్నారు. మీరే మాటాడండి, నా వల్ల కాదు."

"కండ్లు తుడుచుకో ముందు."

వంటింటి మెట్లు దిగి ఇంటావిడ వచ్చింది. ఆవిడది అరబ్బీ, వీళ్ళది వచ్చీరాని అరబ్బీ. పదిహేనేళ్ళుగా అలాగే గడిచిపోతోంది.

"అచ్చాయమ్మా, ఎందుకు ఏడుస్తున్నావు?"

"ఏం లేదు మామా. రేపు వెళ్ళిపోతున్నాం కదా, అందుకు."

"వెళ్ళాలి. మీ పిల్లలు ఎదురు చూస్తుంటారు. దారికి రొట్టెలు చేసిపెట్టమని అమ్మాయిలకు చెప్పాను. ఖుద్దూస్, ఇవేం మొక్కలు?"

"బిళ్ళగన్నేరు మామా. చలి ముదిరేదాకా పూస్తుంది. మళ్ళీ ఏడాది దానంతట అదే పూస్తుంది."

"నీళ్ళు?"

"సాయంత్రం రెండు చెంబులు చాలు. తవ్వే పని లేదు. ఎవరినీ తవ్వనివ్వకండి మామా."

"తవ్వనివ్వను."

"తవ్వితే వేరు పాడవుతుంది. అందుకే చెప్తున్నా. ఇంకేం లేదు."

"సరే ఖుద్దూస్. విన్నాను."

"మీరు లోపలికి పోండి మామా. ఎండ బాగా ఉంది. ఆ సిపాయి వచ్చే వేళ కూడా అయింది."

"అయింది కాబట్టే త్వరగా కావాలి. ఆ నాలుగు మొక్కలూ ఇటివ్వు."

"మీకెందుకు మామా, చేతులకు మట్టి అవుతుంది."

"ఇటివ్వు. నేను అరవనులే, భయపడకండి. కాళ్ళ వైపు మీరు నాటండి. తల వైపు నేను నాటుతాను."