తొక్కకూడని ఉప్పు

సింగపూర్‌లోని ఆంగ్ మో కియో ఫ్లాట్‌లో ఫ్యాన్ కింద కూర్చుని అమ్మ, సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మీద ఇంగ్లండ్ వెళ్ళిన కూతురికి ఫోన్ చేసింది.

"మంచు తగ్గిందా?"

"గడ్డకట్టింది. ఇక్కడ ఇంత మంచు ఎప్పుడోగానీ పడదటమ్మా. కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కూడా అయిపోయింది. ఎవరి గుమ్మం ముందు వాళ్ళే చల్లుకోమన్నారు."

"పచ్చడికని నేనిచ్చిన రాళ్ళుప్పు ఉందిగా?"

"ఉంది. చల్లలేదు."

"ఏం?"

"ఉప్పు తొక్కితే లక్ష్మిని తొక్కినట్టేనని నువ్వేగా చెప్పావు. పొద్దున పక్కింటి ఆంటీ నాకు సూప్ తెస్తూ నా మెట్ల మీదే జారింది. చెయ్యి విరిగింది."

"అయ్యో! ఎక్కడుందిప్పుడు?"

"హాస్పిటల్ నుంచి సాయంత్రం వస్తుంది."

"ఉప్పంతా చల్లెయ్. నీ మెట్ల నుంచి ఆవిడ గుమ్మం దాకా."

"మరి లక్ష్మి?"

"ఆ సంగతి నేను చూసుకుంటా. ముందు నువ్వు తొక్కి చూడు, ఇంకా జారుతుందేమో."