చీపురు ఆగిన పూట

ఒట్టు బిడ్డా, నేను చెప్పేదాంట్ల ఆవగింజంత అబద్ధమున్నా రేపు పొద్దుగాల వచ్చే నీళ్ళ ట్యాంకరు నా మీదికెల్లి పోవాలె. నవ్వకు. వాచ్‌మెన్ మహేందర్ తల్లి కొమురమ్మ సోలెడు మాటను పుట్టెడు చేస్తదని ఈ మణికొండంత అనుకుంటరు, నాకెరికే. మొన్న లిఫ్టుల పాము దూరిందంటే తొమ్మిది అంతస్తులోల్లు మెట్లు దిగొచ్చిన్రు. దొరికింది వానపాము. పాము కాదా మరి? సరే తియ్. నా నోట మీ తాత సాల్మన్ పేరు జారితే, ఆయనను ఎరుగుదువా అని అడిగితివి. ఎరుగకేం మెర్సీ, కూసో. ఆఫీసుకు ఆల్శమైతే కానియ్. మీరు నాలుగో అంతస్తుల దిగి పదిరోజులాయె. మీ నానమ్మ రూతమ్మను ఆటోలకెల్లి దిగంగనే గుర్తువట్టిన. ఆమె నన్ను గుర్తువట్టలె. మంచిగైందనుకున్న.

గిప్పుడు చెరువు మీద తీగల వంతెన లేదూ, అది లేనప్పటి ముచ్చట. ఒడ్డుకు ఒక పడవల క్లబ్బుండె. ఇప్పుడు దాని గేటు గూడ లేదు. ఆడ నేను ఊడ్చేదాన్ని. ఎంత జాగనుకున్నవ్? ఈ కొసకు ఎండకాలం మొదలువెడితే ఆ కొసకు చేరేటాల్లకు వానలు వడేటియి. ఆడి తెరచాప పడవలకు రెండు సన్నటి దోనెలు పక్కపక్కన, నడుమ బిగ్గ గుంజి కట్టిన గుడ్డ. సార్లు క్యాటమరాన్ అంటుండ్రి. మీ తాతకు నవ్వు. “అది మా కట్టుమరమేనక్కా, మా భీమిలి ఒడ్డున మానులు తాళ్ళతో కట్టి సేత్తాం, ఈళ్ళు పేరట్టుకెళ్ళిపోయి దోనెలు తగిలించీసినారు” అనేటోడు. జీడిమెట్లల ఫైబర్ ట్యాంకులు చేసే పని ఆయనది. ఆదివారం చర్చి కాంగనే పడవలు బాగుజేయనీకి మోపెడ్ మీద క్లబ్బుకొచ్చేటోడు. ఆ పడవలు పాతయి, ఒడ్డు మీద గుంజి గుంజి అడుగులు నా చెప్పుల లెక్క అరిగినయి. పైకి మెరుస్తయి బిడ్డా, కానీ రెండు పొరల నడుమ తెల్లటి ఫోమ్ ఉంటది, అది నీళ్ళు తాగి మెత్తగైతది. కంటికి కానరాదు. రూపాయి బిళ్ళతోని కొట్టి వినాలె. గట్టిదైతే టంగుమంటది. చెడ్డదైతే దుప్పటి కప్పుకొని దగ్గినట్టు బొంగురుగ మోగుతది. ఆడ కోసి, ఎండవెట్టి, కొత్తగ పోస్తరు. మరీ పాడైతే దోనెకు దోనె మార్చుడే.

నేను కుమ్మరోల్ల బిడ్డను. పగిలిన కుండ పక్కూర్ల మోగినా పట్టేస్త. ఓనాడు ఊడుస్తుంటే బిళ్ళ బొంగురుగ మోగింది. చీపురు ఆపి చూస్తే మీ తాత దోనె దిక్కు చూస్తలేడు, నా దిక్కు చూస్తున్నడు. నేను ఆపినప్పుడు బిళ్ళ ఉన్న కాడ గీత గీసిండు. మల్ల ఊడిస్తే బిళ్ళ ముందుకు జరిపిండు. అప్పుడు సమజైంది. ముప్పై ఏండ్లు ఫైబర్ కోసే గ్రైండరు పక్కన నిలబడ్డ మనిషి, చెవులు వోయినయి. ఎవ్వలకు చెప్పలె, మీ నానమ్మకు గూడ. చెప్తే పని వోతది. నా దగ్గరికొచ్చి గుసగుసలాడిండు. గుసగుస అని ఆయన అనుకున్నడు గని చెరువుల కొంగలన్ని లేచినయి. “అక్కా, ఎవరికీ సెప్పకు.” చెప్పనని చేతుల చెయ్యేసిన. గట్ల నాలుగేండ్లు నడిచింది. ఊడిస్తే మంచిది, ఆపితే చెడ్డది. క్లబ్బుకు పెద్ద భాస్కర్ సారు వచ్చినోల్లందరికి చెప్తుండె, “సాల్మన్ చేతిల పడ్డ పడవ మునగదు” అని. మరి నా చీపురు? దాని పేరు ఎవ్వలెత్తలె. ఎత్తరు, ఎవ్వలకు తెల్వదు గద. తెల్వద్దని మాటిచ్చింది నేనే. అయినా గీడ మండింది బిడ్డా, గీ రొమ్ముల.

ఆ ఆదివారం పిల్లల పోటీకి పోవాల్సిన పడవ. భాస్కర్ సారు, ఇంకో పదిమంది నిలబడ్డరు. పదిమందే, ఎక్కువ చెప్తలేను. మీ తాత బిళ్ళ కొట్టుకుంట పోతున్నడు, టంగు, టంగు, టంగు. ఏం పుట్టిందో నాకు, చీపురు ఆపిన. నవ్వులాటకే. జర ఆగి, ఆయన పరేషాన్ అయితే చూసి, మల్ల ఊడుద్దామని. ఆయన నన్ను చూసిండు, గీత గీసిండు, తల వంచిండు. నేను గబగబ ఊడ్సిన. తలెత్తితే గద. గ్రైండరు చాలూ చేసిండు. అరిచిన. చెవిటి మనిషికి, గ్రైండరు మోతల, ఎవలు అరిస్తే ఏంది? మూరెడు కోసినంక ఆపిండు. లోపట ఫోమ్ పొడిగ, తెల్లగ, కొత్త దూది లెక్క. భాస్కర్ సారు బిళ్ళ తీస్కొని కోత పక్కన తానే కొట్టిండు. “ఇది మంచిగనే మోగుతుంది కదయ్యా. నీకు వినపడలేదా?” మీ తాత ఆయన పెదవులు చూసిండు. ఆ తెల్లటి ఫోమ్ చూసిండు. నన్ను చూసిండు. చీపురు సంగతి ఆయన ఒక్క మాట చెప్తే అయిపోతుండె. “నా సెవులు పోయాయండి బాబూ” అన్నడు. గంతే. చీమను ఏనుగును చేసే నోరు నాది, ఆనాడు చీమంత మాట రాలె.

ఆ కోత తానే అతికిండు. మూడు ఆదివారాలు వచ్చి నున్నగ రుద్ది, బిళ్ళ నా చేతికిచ్చి కొట్టి చూడమన్నడు. కొట్టిన. టంగుమంది. తలూపిన. మల్ల రాలె. సంగతి జీడిమెట్లకు వోయింది, ఆడ గూడ వద్దన్నరట. ఐదేండ్లకు మనిషే పోయిండని విన్న. మొన్న మెట్ల కాడ మీ నానమ్మ పక్కింటామెతోని అంటుండె: “మా ఆయన సెవుడు దాసీసి, బాగున్న పడవని కోసీసి, ఉన్న పేరు పోగొట్టుకున్నాడమ్మా.” ఆమెకు గూడ చెప్పలేదన్నట్టు. చీపురు సంగతి పెండ్లానికి గూడ చెప్పకుండనే పోయిండు.

ఏమన్న అను మెర్సీ. తిట్టు. సరే, కండ్లు తుడుసుకో. క్యాబ్ పోతే ఇంకోటొస్తది. పైకి పోయి మీ నానమ్మను తోల్కరా. ఎందుకని అడిగితే నువ్వేం చెప్పకు, అది నేను చెప్పాల్సిన మాట. ఆమెకు ఒక కుర్చీ గూడ తే. నాకొద్దు, నేను నిలవడే చెప్త. పో.