గోడ మీది ఫొటోలు దింపిన సిస్టర్ గారు

పందొమ్మిది వందల తొంభై మూడు జూలై ఐదవ తేదీన, ఇస్త్రీ మడత నలగని తెల్లని దుస్తులతో, గంట ముందుగానే ఆసుపత్రి గడప తొక్కిన మా సిస్టర్ గారు, ముప్పై రెండు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవ అనంతరం పదవీ విరమణ చేస్తున్న శుభవేళ ఇది. మాకు దిగులు లేదని కాదు గాని, ఆనందానిదే పైచేయి. వారితో కలిసి పనిచేశామని చెప్పుకునే అదృష్టం ఎందరికి దక్కుతుంది!

శస్త్రచికిత్స వార్డులో పదేళ్లు, పిల్లల వార్డులో పన్నెండేళ్లు పనిచేసిన పిమ్మట, లింగ గుర్తింపు విషయమై యువతకు సలహా, చికిత్స అందించే మా విభాగంలో ప్రధాన నర్సుగా బాధ్యతలు స్వీకరించారు. పెద్ద డాక్టరు గారు సైతం వారి ముఖంలో సరేనన్న సైగ చూసి గాని టీకి లేచేవారు కారు. చికిత్సతో సంతోషంగా ఉన్న యువతీయువకులు ఇష్టపడి ఇచ్చిన ఫొటోలను నిరీక్షణ గదిలో ఒక గోడ నిండా అతికించి, ఆ గోడను కంటికి రెప్పలా చూసుకునేవారు.

ఏడేళ్ల క్రితం, ఆడపిల్లగా పెరిగి, మూడేళ్లుగా హార్మోన్లు వాడుతూ అబ్బాయిగా జీవిస్తున్న ఇరవై రెండేళ్ల బిడ్డ ఒక ఉదయం వచ్చింది. సిస్టర్ గారు చెయ్యి పట్టుకుని, గోడ మీదున్న ఆ బిడ్డ ఫొటో దగ్గరకు నడిపించి, అక్కడున్న తల్లిదండ్రులందరికీ చూపించి పొంగిపోయారు. మంచినీళ్లు తాగి వస్తానని వెళ్లిన బిడ్డ తిరిగి రాలేదు. కుర్చీలో మిగిలిన చీటీలో, వచ్చిన కారణం అన్నచోట, "మందులు ఆపాలనుంది, భయంగా ఉంది" అని రాసి ఉంది.

ఆ చీటీ సిస్టర్ గారే చదివారు. ఇంట్లో చెప్పుకోగలదో లేదో, ఒంటరిగా ఏం చేసుకుంటుందో అని పది రోజులు ఫోను చేస్తూనే ఉన్నారు. పదకొండో రోజున అటు నుంచి పలుకు వినిపించింది.

"మీ గోడ మీద నా మొహం చూశాక నోరు పెగల్లేదు సిస్టర్. నేను ఆపేస్తే మీరంతా ఓడిపోయినట్టవుతుందనిపించింది."

"తప్పు నాది నాన్నా. ఎందుకొచ్చావో అడక్కుండా ఊరేగించాను. ఆపినా, కొనసాగించినా, ఇంకా తేల్చుకోకపోయినా ఫరవాలేదు. నువ్వు రా చాలు."

ఆ బిడ్డ వచ్చేసరికి గోడ మీది ఫొటోలన్నీ దింపేశారు. డాక్టర్ల పర్యవేక్షణలో మందులు ఆపిన ఆ ఎనిమిది నెలలూ సిస్టర్ గారు వెన్నంటి ఉన్నారు. హార్మోన్లతో బరువెక్కిన గొంతు ఇక మునుపటిలా మారదని తెలిసి ఆ బిడ్డ కుమిలినప్పుడు పక్కనే కూర్చున్నారు. ముందే చెప్పామంటూ దెప్పిపొడిచిన ఆ బిడ్డ మేనత్త గారిని వరండాలోకి పిలిచి, మర్యాదగానే, నోరు మూయించారు. నాటి నుంచి మా విభాగంలో ఎవరినీ ఇటు నెట్టలేదు, అటు లాగలేదు. అందరికీ ఒకే ఆదరణ.

సన్మాన సభ నెలాఖరున మూడు గంటలకని విన్నవించగా, వారు డైరీ చూసి తల అడ్డంగా ఊపారు. రెండుసార్లు గేటు దాకా వచ్చి వెనుదిరిగిన ఒక బిడ్డ ఆ వేళకు వస్తానన్నదట.

"మీరంతా ఆగుతారు. తను మళ్లీ వస్తుందో రాదో," అన్నారు.

కనుక సభ ఐదు గంటలకు. చల్లారిన కాఫీలకు ముప్పై రెండేళ్లుగా అలవాటుపడిన వారి శ్రీవారితో సహా అందరం వరండాలో ఎదురుచూస్తాం. లోపలి మాటలు ముగిసి వారు బయటకు వచ్చిన క్షణం నుంచి, ఆ దంపతుల ముందున్న సుదీర్ఘ జీవితం నిండు ఆరోగ్యంతో, తీరికతో, వేడి వేడి కాఫీతో సాగాలని మనసారా కోరుకుంటున్నాం.