రెండు చేతులూ వదులే

రొమ్ము క్యాన్సర్ వైద్యం ముగిసినా కోడలి ఎడమ చేతికి వాపు మిగిలిపోయింది. రేపే మళ్ళీ ఆఫీసు. వాచిన చేతికి పట్టేలా అత్తగారు వదులు చేసిచ్చిన చొక్కా తొడుక్కుని చూస్తూ ఆవిణ్ణి కేకేసింది.

“అత్తయ్యా, మీరు చొక్కా కుడి చేతిని వదులు చేశారు! ఎడమది మోచేతి దగ్గరే ఆగిపోయింది.”

“నా మతి మండ! చొక్కా తిరగేసి కుట్టాను కదే, కుడి ఎడమలు తారుమారయ్యాయి.”

“ఈ కళ్ళతో సూదిలో దారమెలా ఎక్కించారండీ?”

“తిట్టుకుంటూ ఎక్కించాను. ఇలా ఇవ్వు, ఎడమది విప్పి కుడిది బిగిస్తాను.”

“ఎడమది విప్పండి. కుడిది మాత్రం ముట్టుకోకండి.”

“అదేమిటే? సంచిలా వేలాడుతోంది.”

“వేలాడనివ్వండి. రెండూ ఒక్కలాగే ఉంటే ఏ చెయ్యి వాచిందో ఎవరికీ తెలియదు. మీ చలవే.”

అత్తగారు కళ్ళజోడు తుడుచుకుంది.

“అయితే మిగతా చొక్కాలూ పట్రా. వాటికీ ఇదే తప్పు చేస్తాను.”