గట్టయ్య లారీ ప్లగ్గులు, కొంరవ్వ గొర్రెపిల్లలు

కొంరవ్వ మొగుని మీద ఒంటికాలి మీద లేచిందంట. "ఏందయ్యా, మందను బాటకెక్కిచ్చినంక చెప్తవా లారీ సచ్చిందని?" అన్నదంట. ఆమె మొగుడు గట్టయ్య. గొర్లు కాసే కురుమోళ్లు. ఆ యేడు చెర్లల్ల సుక్క నీళ్లు లెవ్వు, గడ్డి లేదు, మందను కిష్ణ ఒడ్డుకు తోలాలె. పెద్ద గొర్లు నడుస్తయి. మరి నిన్నమొన్న పుట్టిన పిల్లలో? అవి నడుస్తయా? నడువయి. పిల్లల్ని లారీల ఏసుకుంటెనే తల్లులు ఎనకాల వస్తయి, లేకుంటే తల్లి గొర్రె అడుగు కదపదు. ఇగ చూడు, గోడ మీద గొర్ల బేరగాడు లచ్చుమయ్య కూసున్నడు, తమలపాకు నములుకుంట. ఎందుకు? లారీ కదలకుంటే ఆ పిల్లలన్నిటిని అడ్డికి పావుశేరు లెక్క ఆనికే అమ్ముకోవాలె గద!

లారీ ఎసుంటిదంటే, పాతకాలం పెట్రోలు బండి. ఇప్పటి డీజిలు లారీలకు ప్లగ్గులుండయి, దానికేమో ఆరు ప్లగ్గులు. అవి నిప్పురవ్వ కొడితేనే ఇంజను నడిచేది. ఆరూ మసిబారి సచ్చినయి. లారీ మేస్త్రి వారం దాకా రానన్నడు. గట్టయ్యకు రోషం పొడుసుకొచ్చింది. "గొర్లకు పురుడు పోసినోన్ని, ప్లగ్గు తిప్పలేనా?" అని కొత్తయి తెచ్చి, పానా పట్టుకొని బానెట్ ఎత్తిండు. పాతయి ఇప్పిండు, కొత్తయి బిగిచ్చిండు. బాగనే జేసిండనుకో. మరి ఏడ మునిగిండంటే, పని మొదలువెట్టంగనే ప్లగ్గుల మీది ఆరు వైర్లు ఒక్కపారే పీకి, తాడుతోని కలిపి కట్టేసిండు. ఎందుకు కట్టిండు? కురుమోడు గద! ఉన్ని కత్తిరిచ్చేటప్పుడు గొర్రె కాళ్లు కలిపి కట్టుడు అలవాటాయె, అడ్డమొచ్చిందల్ల కట్టుడే. ఇగ కట్టిప్పి చూస్తే ఏ వైరు ఏ ప్లగ్గుదో ఎర్కలేదు, వైరు మారితేనేమో నిప్పు వంతు తప్పుతది. ఏయ్ రాములూ, నవ్వకు, నీకు సైకిలు చైను ఎక్కియ్యరాదు. దొరికిన వైరు దొరికిన ప్లగ్గుకు తగిలిచ్చి హేండిలు తిప్పిండు. ఏమైందంటే, సైలెన్సరు ఢాం అన్నది! ఇంకోపారి తిప్పితే ఢాం ఢాం. పిల్లలు చెల్లాచెదురు, కోళ్లు ఇంటి మీదికెక్కినయి. లచ్చుమయ్య కడుపు పట్టుకొని నవ్వుడు. "గట్టన్నా, ఎండెక్కుతున్నది, ఇగ పిల్లల్ని పట్టియ్యరాదే" అన్నడంట.

గట్టయ్య కండ్లల్ల నీళ్లు తిరిగినయి, ఆన్నే కూలవడ్డడు. కొంరవ్వకు కడుపు మండింది. ఒక్కో పిల్లను తల్లి కడుపులకెళ్లి తన చేతులతోని తీసిందామె, ఎవనికో ఊకెనే ఎట్లిస్తది? "లే, జరుగు" అని బానెట్ల తలకాయ వెట్టి సూసింది. "పొద్దంత గంప కింద కమ్మిన గొర్రెపిల్లల్ని మాపటికి ఏం జేస్తమయ్యా? మనమే ఈడ్సుకపోయి తల్లికాడ పెడ్తమా? ఇడిసిపెడ్తం, అదే పోయి తల్లిని పట్టుకుంటది. నువ్వు ఈ వైర్లను ఈడ్సుకపోయి పెట్టినవు" అని ఆరు వైర్లు పీకి ఊకెనే ఇడిసిపెట్టింది. ఎవ్వలు ముట్టకుర్రి అన్నది. ఏండ్లకేండ్లు ఇంజను మీద కాగి కాగి గట్టిపడ్డ వైర్లాయె, దేని వంపు దానికున్నది. పొట్టిది దగ్గరి ప్లగ్గు దిక్కు వాలింది, పొడుగుది ఆ కొసకు వోయింది. ఏది ఎటు మళ్లితే దాన్ని ఆన్నే తగిలిచ్చింది. నాలుగు దొరికినయి. రెండు మాత్రం కవలపిల్లల లెక్క, ఒక్కటే పొడుగు, ఒక్కటే వంపు. ఒక తీరు వెట్టి తిప్పుమన్నది. ఢాం! లచ్చుమయ్య గోడ దిగి లోపటికే వచ్చిండు. "ఆగు లచ్చుమయ్యా, రెండు తీర్లే ఉన్నయి, ఒకటైపోయింది" అని ఆ రెండింటిని అటుదిటు జేసింది. గట్టయ్య మల్లన్నకు మొక్కి ఒక్క తిప్పు తిప్పిండు సూడు, బుర్రుమన్నది! ఇగ ఆగుతదా? వాడకట్టంత ఉరికొచ్చింది. గట్టయ్య సంబురం పట్టలేక పెండ్లాన్ని అందరి ముందట ఎత్తుకున్నంత పని జేసిండంట. "సిగ్గులేదా, ముందు బండి బందువెట్టకు" అన్నదంట ఆమె, నవ్వుకుంటనే.

పిల్లల్ని లారీల ఎక్కిచ్చిండ్రు, కొంరవ్వ వాటి నడుమ రాణి లెక్క కూసున్నది. పిల్లలు మే అంటే తల్లులు మే అనుకుంట లారీ ఎనక ఒకటే ఉరుకుడు. లచ్చుమయ్యకు మొకం నిండ దుమ్ము. ఆ పిల్లల్ల ఒక్కటి గూడ అమ్ముడువోలే, వాటి సంతతే ఇయ్యాల మా గుట్ట మీద మేస్తున్నది. నమ్మకుంటే పోయి సూడుర్రి. కని బేరం మాట మాత్రం ఎత్తకుర్రి నాయనా, కొంరవ్వ ఇంక బతికే ఉన్నది.